ఖజానా సొమ్ముతో తైవాన్ ఏం కొన్నది?

1974 ఫిబ్రవరి 7. తైపే నగరంలో సోయా పాలు అమ్మే చిన్న హోటల్లో ఏడుగురు నాష్తాకు కూర్చున్నారు. వారిలో ఒకరు తైవాన్ ఆర్థిక వ్యవహారాల వజీర్ సున్ యున్‌సువాన్. ఇంకొకరు అమెరికాలో ఆర్‌సీఏ కంపెనీ పరిశోధనశాలలో పనిచేస్తున్న పాన్ వెన్‌యువాన్. దేశం ఇక ఏ హునర్ నేర్చుకోవాలన్నది అక్కడి మాట. ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్ అన్నాడు పాన్. మనం చిప్ అంటున్నది దాన్నే. ఎంత కాలం పడుతుంది? నాలుగేళ్లు. ఎంత ఖర్చు? కోటి డాలర్లు.

అప్పటి హాలత్ చూడండి. 1971లో తైవాన్ ఐక్యరాజ్యసమితిలో స్థానం పోగొట్టుకుంది. 1973లో చమురు ధరలు మండిపోయాయి. చౌక కూలీతో బట్టలు, రేడియోలు తయారుచేసి అమ్ముకునే దేశం అది. పైగా మార్షల్ లా కింద నడిచే సర్కారు. ఆ హుకూమత్‌ను మెచ్చుకోవడం నా మక్సద్ కాదు. ప్రజల సొమ్మును ఈ ఒక్క పనిలో ఎలా వాడిందో చూద్దాం.

సర్కారు 1973లోనే ఇట్రీ అనే పారిశ్రామిక పరిశోధన సంస్థను పెట్టింది. 1976లో ఇట్రీకి, ఆర్‌సీఏకి ఒప్పందం కుదిరింది. సీమాస్ చిప్‌ల తయారీని ఆర్‌సీఏ నేర్పాలి. ఈ విద్యకు పునాది మాస్ ట్రాన్సిస్టర్. దాన్ని 1959లో బెల్ ల్యాబ్స్‌లో తయారుచేసిన ఇద్దరిలో ఒకరు ఈజిప్టులోని పోర్ట్ సయీద్‌లో పుట్టిన మొహమ్మద్ అతల్లా, రెండోవారు కొరియాలో పుట్టిన డావన్ కాంగ్. ఈ పేర్లు మన పిల్లలకు తెలియాలి.

తైవాన్ నుంచి ముప్పై మందికి పైగా యువ ఇంజనీర్లు అమెరికా వెళ్లారు. డిజైన్, తయారీ, టెస్టింగ్ పనులను ఉస్తాద్ పక్కన నిలబడ్డ షాగిర్దుల్లా నేర్చుకున్నారు. 1977లో షిన్‌చూలో ఇట్రీ నమూనా ఫ్యాక్టరీ మొదలైంది. చేతి గడియారాలకు చిప్‌లు చేశారు. కొద్ది నెలల్లోనే, వంద చిప్‌లు చేస్తే ఎన్ని పనికొస్తాయన్న లెక్కలో ఆర్‌సీఏనే దాటేశారు.

నా దృష్టిలో అసలు కమాల్ ఆ తర్వాత జరిగింది. సర్కారు ఖర్చుతో నేర్చుకున్నవాళ్లను సర్కారు పట్టి ఉంచుకోలేదు. 1980లో ఇట్రీ నుంచే యూఎంసీ కంపెనీ పుట్టింది. 1987లో మోరిస్ చాంగ్ నాయకత్వంలో టీఎస్‌ఎంసీ పుట్టింది. దానిలో సర్కారు పెట్టుబడి సగానికి కాస్త తక్కువ. రెండింటికీ ఇట్రీ తన మనుషులనే ఇచ్చింది. ఆర్‌సీఏలో నేర్చుకున్న త్సాయ్ మింగ్‌కై తర్వాత మీడియాటెక్ స్థాపించాడు. మన ఇళ్లలోని తక్కువ ధర ఫోన్లు చాలావాటిలో ఆ చిప్పే ఉంటుంది. నేర్పిన ఆర్‌సీఏ మాత్రం 1986లో మరో కంపెనీ చేతికి వెళ్లిపోయింది.

ఇక మన ముల్క్. చిప్‌ల కర్మాగారానికి కేంద్ర మంత్రివర్గం ఒప్పుకున్నదీ 1976లోనే. మొహాలీలోని సెమీకండక్టర్ కాంప్లెక్స్‌లో 1984లో ఉత్పత్తి మొదలైంది. 1989లో అగ్నిప్రమాదంలో అది కాలిపోయింది. మళ్లీ నిలబడేసరికి ఏళ్లు గడిచాయి, లోకం ముందుకు వెళ్లిపోయింది. మొహాలీలోనూ ఖాబిల్ ఇంజనీర్లు ఉన్నారు. కానీ వారి హునర్‌లోంచి పది కంపెనీలు పుట్టే దారి పడలేదు. ఒక్క భవనం కాలితే దేశం ఆశ మొత్తం ఆగిపోయింది.

2021లో కేంద్రం సెమీకండక్టర్లకు 76,000 కోట్ల రూపాయల పథకం ప్రకటించింది. గుజరాత్‌లోని ధోలేరాలో టాటా కడుతున్న ఫ్యాక్టరీకి తయారీ విద్య ఇస్తున్నది తైవాన్ కంపెనీ పవర్‌చిప్. ఒకనాటి షాగిర్ద్ నేడు మనకు ఉస్తాద్.

సదఖా ఎ జారియా అంటే ఏమిటో మన ఇళ్లలో చిన్నపిల్లలకూ తెలుసు. బావి తవ్వించినవాడు పోయినా నీళ్లు ఊరుతూనే ఉంటాయి. ఇల్మ్ మీద పెట్టిన ఖర్చూ అంతే. సర్కారు సొమ్ము సర్కారుది కాదు, అవామ్ అమానత్. కాబట్టి ప్రతి కొత్త ఫ్యాక్టరీ శంకుస్థాపనప్పుడు మనం అడగాల్సిన సవాల్ ఒకటుంది: ఈ ఖర్చుతో ఎంతమంది పిల్లల చేతికి పని వస్తుంది? నేర్చుకున్నాక, తమ సొంత దుకాణం తెరిచే ఇజాజత్ వారికి ఉంటుందా?