దీపం వేడిగా ఉందో లేదో

ఆ మధ్య ఒక శనివారం జాతీయ లోక్ అదాలత్ పెట్టారు. మంథని కోర్టు గోడ మీద నోటీసు పడింది. రాజీకి వీలున్న కేసులేవైనా ఆ రోజు తేల్చుకోవచ్చని అందులో ఉంది. మా పక్కింటి పెద్దబాపు దాన్ని రెండుసార్లు చదువుకుని నేరుగా మా అరుగు మీదికి వచ్చి కూర్చున్నాడు. చేతిలో మనవడి ఫోను, ఫోనులో చలాను.

"చూడు బిడ్డా, గీ బండి నాదేనా?"

ఫొటోలో నల్లటి మోటార్‌సైకిల్, దాని మీద ఇద్దరు కుర్రాళ్లు. నంబరు పలక మీద చివరి అంకెకు మట్టి కొట్టుకుపోయి ఒకసారి 3లా, ఒకసారి 8లా కనిపిస్తోంది. వేగం గంటకు 87 కిలోమీటర్లు. కట్టాల్సింది 1,035 రూపాయలు. అందులో వెయ్యి జరిమానా, 35 సర్వీసు చార్జీ. జరిగిన చోటు ఆయన ఏడాదిగా అడుగు పెట్టని ఒక నగరం. పెద్దబాపుది పాత టీవీఎస్ ఎక్సెల్. పొద్దున గౌతమేశ్వరం దగ్గర గోదావరి స్నానానికి, సాయంత్రం పొలం నుంచి గడ్డిమోపు తేవడానికి, ఎప్పుడన్నా పని పడితే పెద్దపల్లికి. అంతకు మించి ఆ బండి ఎరగదు.

"పోనీ, అదాలత్‌ల కట్టేస్త. సగం తగ్గిస్తరట. పీడ పోతది" అన్నాడు.

ఆ మాటకు నా మనసు కలుక్కుమంది. చేయని తప్పుకు సగం ధర కట్టి బయటపడదామని ఒక పెద్దమనిషి ఇంత సులువుగా అనుకుంటున్నాడంటే, అడిగే అలవాటు మన దగ్గర ఎక్కడో జారిపోయింది. ఎక్కడ జారిపోయిందో వెతుక్కుంటూ రెండు రోజులు పాత సంగతుల్లోకి వెళ్లాను.

దారిన పోయేవాడి దగ్గర రాజ్యం డబ్బు తీసుకోవడం ఈనాటిది కాదు. కాకతీయ గణపతిదేవుడి ఏలుబడి తొలినాళ్ల శాసనం మా మంథనిలోనే దొరికింది, దాని కాలం 1199. అదే రాజు 1244లో చీరాల దగ్గర సముద్రతీరాన మోటుపల్లిలో అభయ శాసనం వేయించాడు. అంతకు ముందటి రాజులు తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకంతా లాక్కునేవారు. ఇకనుంచి అలా జరగదని, నిర్ణయించిన శుల్కం తప్ప మరేదీ తీసుకోబోమని ఆయన మాటిచ్చాడు. ఏ సరుకుకు ఎంతో రాతి మీద చెక్కించాడు. నాకు ఆ శాసనంలో దయ కన్నా ఆ పట్టికే ఎక్కువ నచ్చుతుంది. రేటు రాయి మీద ఉంటే, ఎక్కువ అడిగిన సుంకరికి వర్తకుడు ఆ రాయి చూపించగలడు.

ఆ తర్వాత కుతుబ్‌షాహీలు, మొగలులు, అసఫ్‌జాహీలు. వాళ్ల నుంచి మనకు మిగిలింది ముఖ్యంగా మాటలు. అదాలత్, వకీలు, జుర్మానా, పంచనామా. చలాను కూడా ఆ దారిన వచ్చిందే. ఆ మాటకు అసలు అర్థం 'పంపడం'. సరుకుతో పాటు పంపే చీటీ చలాను, నిందితుణ్ని మేజిస్ట్రేటు ముందుకు పంపే కాగితమూ చలానే. అంటే అది తీర్పు కాదు, తీర్పు చెప్పేవాడి దగ్గరికి పంపే ఉత్తరం. పెద్దబాపుకు ఈ ఒక్క సంగతి చెప్పాలనే నా తాపత్రయమంతా.

మోటార్లు వచ్చాక కథ తొందరగా నడుస్తుంది. బ్రిటిష్ ఇండియాలో మొదటి మోటారు వాహనాల చట్టం 1914లో వచ్చింది. నిజాం రాజ్యంలో 1932లో సర్కారు రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో మొదలైంది. 1939లో ఇంకో చట్టం. ఇప్పుడున్నది 1988 నాటిది, 1989 జులై 1 నుంచి అమల్లోకి వచ్చింది. మా తాతల కాలంలో మా వైపు ఊళ్లలో ఈ చట్టాలతో పని పడ్డవాళ్లు బహు తక్కువ, ఎందుకంటే ఊరికి ఉన్నవే ఎడ్లబండ్లు. సామాన్యుడికి పోలీసుతో దారి మీద నిజంగా పేచీ వచ్చింది సైకిలు కాలంలో.

సైకిలు సంగతి వస్తే నేను తొందరపడలేను.

మా బాపు 1960ల్లో కరీంనగర్‌లో చదువుకున్నాడు. చెప్పుల్లేకపోయినా సైకిలు ఉండేది. ఏటా రుసుము కట్టి రేకు బిల్ల తెచ్చుకుని హ్యాండిలు కింద బిగించుకోవాలి. బిల్ల లేకపోతే ఆపుతారు. ఇద్దరెక్కితే ఆపుతారు. అన్నిటికన్నా ముఖ్యం, చీకటి పడ్డాక దీపం లేకపోతే ఆపుతారు. డైనమో కొనే స్తోమత లేనివాళ్లు ముందు కొక్కేనికి చిన్న కిరోసిన్ దీపం తగిలించుకునేవారు. దాని గాజు అరచేతిలో పట్టేంత. వత్తి కాస్త ఎక్కువ పైకి తిప్పితే మసి, తక్కువైతే ఆరిపోవడం. ఎదురుగాలి వస్తే చెప్పే పనే లేదు.

ఒక రాత్రి బాపు తన మేనబావను వెనక కూర్చోబెట్టుకుని రెండో ఆట సినిమా చూసి వస్తున్నాడు. చౌరస్తాలో కానిస్టేబులు చెయ్యి అడ్డం పెట్టాడు. బావ అప్పటికే దిగి పక్కన నడుస్తున్నట్టు నిలబడ్డాడు.

"దీపం ఏది?"

"ఇప్పుడే ఆరింది జమేదార్ సాబ్. గాలికి."

జమేదార్ సాబ్ వాదించలేదు. లాఠీ చంకలో పెట్టుకుని, వంగి, కుడిచేతి వెనకభాగం దీపం గాజుకు ఆనించాడు. చురుక్కుమని వెనక్కి తీసుకున్నాడు. గాజు ఇంకా కాలుతోంది. "పో. ముట్టించుకుని పో" అన్నాడు. అగ్గిపెట్టె కూడా ఆయనే ఇచ్చాడట.

నెల తిరక్కుండా అదే చౌరస్తా, అదే జమేదార్ సాబ్, అదే జవాబు. ఆయన మళ్లీ వంగి చెయ్యి పెట్టి చూశాడు. గాజు చల్లగా ఉంది. ఆ సాయంత్రం బాపు అసలు దీపం ముట్టించనే లేదు, కిరోసిన్ అయిపోయింది. జమేదార్ సాబ్ ఏమీ అనకుండా ముందు చక్రం వాల్వు విప్పి గాలి తీసి, వాల్వును అంగీ జేబులో వేసుకున్నాడు. బాపు సైకిలు నడిపించుకుంటూ గది చేరాడు. మర్నాడు ఠాణాకు వెళ్లి జుర్మానా కట్టి వాల్వు తెచ్చుకున్నాడు.

ఈ కథ బాపు మాకు ఎన్నిసార్లు చెప్పాడో లెక్క లేదు. రెండో రాత్రి గురించి ఆయన ఎన్నడూ ఫిర్యాదు చేయలేదు. "చెయ్యి పెట్టి చూసిండు గదా" అనేవాడు. నేరం ఉందా లేదా అన్నది ఎవరో ఒకరు వంగి చూశారన్నదే ఆయనకు కావలసింది. ఆ కొక్కెం ఇప్పటికీ మా అటక మీద ఉంది. దీపం లేదు.

అలా అడిగి తేల్చుకోవడం కొత్తేమీ కాదు, మోటారు బండి వేగానికి పడ్డ తొలి కేసే కోర్టులో వాదనకు వెళ్లింది. 1896 జనవరి 28న ఇంగ్లండులోని కెంట్ ప్రాంతంలో వాల్టర్ ఆర్నాల్డ్ అనే కార్ల వ్యాపారి గంటకు 8 మైళ్ల వేగంతో పోయాడు. అక్కడి పరిమితి 2 మైళ్లు. ఒక కానిస్టేబులు సైకిలు తొక్కుకుంటూ వెంటబడి పట్టుకున్నాడు. ఇది చట్టంలో రాసిన ఆవిరి ఇంజను కాదు, మామూలు బండి లైసెన్సు ఉన్న వాహనమని ఆర్నాల్డ్ తరఫు వకీలు వాదించాడు. వాదన నెగ్గలేదు, జరిమానా పడింది. కానీ ఆ ఏడాది నవంబరులోనే చట్టం మారి వేగ పరిమితి పెరిగింది. ఓడిపోయిన వాదన కూడా ఒక్కోసారి దారి వేస్తుందని నేను గట్టిగా నమ్ముతాను.

ఇక మన కాలం. ఇక్కడికి వచ్చేసరికి వరస తప్పుతుంది, ఎందుకంటే దీపం మీద చెయ్యి పెట్టే మనిషి పక్కకు జరిగి కెమెరా వచ్చింది. ఫొటో తీస్తుంది, నంబరు చదువుతుంది, ఫోనుకు సందేశం పంపుతుంది. 2016లో పెద్దపల్లి జిల్లా అయింది, రామగుండం కమిషనరేట్ వచ్చింది, బండ్ల మీద టీఎస్ 22 పడింది. 2024 నుంచి కొత్త బండ్లకు టీజీ. పాత ఏపీ 15 బండ్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. ఒక్క అక్షరం, ఒక్క అంకె అటూ ఇటూ అయితే చలాను వేరే ఇంటికి పోతుంది.

పెద్దబాపు మాటల్లోని 'సగం తగ్గిస్తరట' ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్పాలి. 2022 మార్చిలో తెలంగాణ పోలీసు శాఖ పెండింగు చలాన్లకు రాయితీ ప్రకటించింది. ద్విచక్ర వాహనాలకు 75 శాతం, కార్లకు 50, ఆర్టీసీ బస్సులకు 70, తోపుడు బండ్లకు 80 శాతం మాఫీ. గడువు ఏప్రిల్ 15 వరకు పెంచారు. మీసేవ కేంద్రాల ముందు జనం బారులు తీరారు, సుమారు 300 కోట్ల రూపాయలు వసూలైంది. మళ్లీ 2023 డిసెంబర్ 26న ఇంకో విడత. ఈసారి ద్విచక్ర, త్రిచక్ర వాహనాలకు 80 శాతం, కార్లకు, లారీలకు 60, ఆర్టీసీ బస్సులకు, తోపుడు బండ్లకు 90. అది 2024 ఫిబ్రవరి 15 దాకా సాగింది. పేదవాడికి ఊరట దొరికింది, ఆ మాట కాదనను. కానీ ఆ వరసల్లో నిలబడ్డవాళ్లలో ఎంతమంది ఫొటో తెరిచి చూసుకున్నారు? డబ్బు కట్టడమంటే చట్టం భాషలో కాంపౌండింగ్. అక్కడితో ఆ కేసు ముగిసిపోతుంది, బండి నాది కాదన్న మాట వినేవాడు ఇక ఉండడు. మాఫీ కోసం ఎదురుచూడటం అలవాటై, ప్రశ్నించడం మరిచిపోయాం.

మర్నాడు పెద్దబాపును మా అరుగు మీదే కూర్చోబెట్టి నాకు తెలిసింది చెప్పాను. వాట్సాప్‌లో తిరిగే జరిమానాల పట్టిక నమ్మొద్దన్నాను. 2019 సెప్టెంబర్ 1న దేశంలో పెద్ద జరిమానాలు అమల్లోకి వచ్చినప్పుడు తెలంగాణ వాటిని వెంటనే తీసుకోలేదు. పట్టిక ఏ రాష్ట్రానిదో చూసుకోవాలి. కెమెరాల విషయంలో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 2021 ఆగస్టులో 167ఏ చేరింది. కెమెరాకు అధికారిక ధ్రువపత్రం ఉండాలి, ఏటా పునరుద్ధరించాలి. కెమెరా ఉందని దారి మీద బోర్డు పెట్టాలి. చలానులో నంబరు పలక కనిపించే ఫొటో, తేదీ, సమయం, స్థలం, ఏ సెక్షనో ఉండాలి. తప్పు జరిగిన 15 రోజుల్లో నోటీసు రావాలి.

"మరి కట్టకపోతే?" అన్నాడు.

కట్టకపోతే విషయం కోర్టుకు వెళ్లాలి. మన మంథనిలో అయితే ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటు ముందుకు. అక్కడ ఆయన అడుగుతాడు, తప్పు ఒప్పుకుంటావా అని. ఒప్పుకోనంటే నిరూపించే భారం పోలీసులది. కెమెరా ఫొటోను సాక్ష్యంగా పెట్టాలంటే దానికి ధ్రువీకరణ పత్రం జతచేయాలి, ఇప్పుడు ఆ నియమం భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్‌లో ఉంది. జరిమానా ఒక్కటే శిక్షగా ఉన్న నేరాన్ని కోర్టు ఆరు నెలల్లోగా విచారణకు తీసుకోవాలి. ఆలస్యానికి తగిన కారణం ఉంటే కోర్టు మన్నించవచ్చు. యజమాని బాధ్యత కూడా ఉంది. ఆ రోజు బండి ఎవరు నడిపారని అడిగితే చెప్పి తీరాలి, అది 133వ సెక్షన్. హైకోర్టు కూడా సామాన్యుడి మాట విన్న సందర్భాలున్నాయి. 2021 నవంబరులో, తాగి నడిపాడన్న ఒక్క కారణంతో బండిని పట్టుకుని ఉంచడం కుదరదని, తాగని మనిషి ఎవరైనా లైసెన్సుతో ఉంటే వాళ్లకు అప్పగించాలని తెలంగాణ హైకోర్టు చెప్పింది.

లోక్ అదాలత్ మంచిదే. కోర్టు ఫీజు ఉండదు, ఒక్క రోజులో అయిపోతుంది. కానీ అది రాజీకి చోటు, అక్కడి అవార్డు మీద అప్పీలు లేదు. తప్పు చేసినవాడు వెళ్లి తేల్చుకోవడానికి అంతకన్నా మంచి చోటు లేదు. చేయనివాడు మొదట వెళ్లాల్సింది అక్కడికి కాదు.

1957 నుంచి 1977 దాకా పీవీ నరసింహారావును అసెంబ్లీకి పంపిన ఊరు మాది. ఆయన న్యాయశాస్త్రం చదివినవాడు, ఉమ్మడి రాష్ట్రంలో న్యాయశాఖ చూసినవాడు. అలాంటి ఊళ్లో చట్టం అంటే భయపడి డబ్బు కట్టేయడం నాకు మింగుడుపడలేదు. అలాగని జరిమానాలు వద్దని నేననను. మంథని, పెద్దపల్లి దారిలో ఇసుక లారీల పక్కన బండి నడిపినవాడెవడూ అలా అనడు. వేగం మనుషుల్ని చంపుతుంది. అందుకే చలాను సరైన ఇంటికి పోవాలి. పెద్దబాపు గనుక 1,035 కట్టేస్తే ఆ ఇద్దరు కుర్రాళ్లను అడిగేవాళ్లు లేరు, వాళ్లు రేపు కూడా అదే 87 మీద పోతారు.

ఈ-చలాన్ వెబ్‌సైట్‌లో ఫిర్యాదు రాసే చోటుంది. మనవడు ఎక్సెల్‌ను పెరట్లో జామచెట్టు కింద నిలబెట్టి ముందు నుంచి, వెనక నుంచి, పక్క నుంచి ఫొటోలు తీశాడు. ఆర్‌సీ కాపీ జతచేశాం. నేను మూడు వాక్యాలు రాశాను. చలానులో ఉన్నది మోటార్‌సైకిల్, నాది మోపెడ్. చివరి అంకె ఫొటోలో స్పష్టంగా లేదు, పెద్దదిగా చేసి చూడగలరు. ఆ తేదీన నేనూ నా బండీ మంథనిలోనే ఉన్నాం. పెద్దబాపు నాలుగో వాక్యం చెప్పాడు, అదీ చేర్చాను: మీరు ఒకసారి చూసి చెప్పండి.

పదకొండో రోజున పెండింగు చలాన్లు లేవని తెర మీద వచ్చింది. పెద్దబాపు మనవడితో ఆ పేజీ ప్రింటు తీయించి, ఆర్‌సీ పెట్టుకునే ప్లాస్టిక్ కవరులో మడిచి పెట్టుకున్నాడు.

మొన్న మంగళవారం ఫోనుకు ఇంకో సందేశం వచ్చింది. పెద్దపల్లిలో తీసిన ఫొటో. పాత ఎక్సెల్, దాని ముందు ఎరువుల సంచి, హెల్మెట్ లేని తల. మొహం స్పష్టంగా ఉంది.

పెద్దబాపు ఫోను దగ్గరగా పెట్టుకుని చూసి, "గిది నాదే" అన్నాడు. మీసేవకు వెళ్లి పూర్తిగా కట్టి, వస్తూ వస్తూ హెల్మెట్ కొనుక్కొచ్చాడు.