కట్టుడు పళ్ళకు వేడి వల్ల మేలు, కీడు

పళ్ళూడిన పెద్దలకు కట్టుడు పళ్ళు అలంకారం కావు. అన్నం నమలడానికీ, మాట స్పష్టంగా పలకడానికీ అవే ఆధారం. నేడు విరివిగా వాడే సెట్టులో చిగురు రంగు పీఠమూ, దానిపై అమర్చే పళ్ళూ సాధారణంగా అక్రిలిక్ రెసిన్‌తో చేసినవే. 1937 ప్రాంతంలో దంతవైద్యంలో ప్రవేశించిన ఈ పదార్థం అంతకు ముందున్న గట్టి రబ్బరు పీఠాల స్థానాన్ని క్రమంగా ఆక్రమించింది.

తయారీలో అక్రిలిక్ పొడిని ద్రవంతో కలిపి ముద్దచేసి, జిప్సం అచ్చులో నింపి, నీటిలో వేడిచేస్తారు. వేడి సుమారు 60 డిగ్రీల సెల్సియస్ దాటగానే ద్రవంలోని అణువులు గొలుసులుగా కలిసి ముద్ద గట్టిపడసాగుతుంది. ఈ చర్య స్వయంగా కూడా వేడిని పుట్టిస్తుంది. ద్రవం సుమారు 100.8 డిగ్రీల వద్ద మరుగుతుంది. తొందరపడి ఒక్కసారిగా మరిగే నీటిలో ఉంచితే మందమైన చోట్ల ద్రవం ఆవిరై, లోపల బుడగలు మిగులుతాయి; పీఠం బలహీనమవుతుంది. అందుచేత 74 డిగ్రీల వద్ద 2 గంటలు ఉంచి, పిదప 100 డిగ్రీల వద్ద 1 గంట ఉంచడం వంటి పద్ధతులను పాటిస్తారు. వేడి చాలకపోయినా ప్రమాదమే. మిగిలిపోయిన ద్రవం కొందరి నోటిలో మంట కలిగిస్తుంది.

రెసిన్ పన్ను పీఠంతో రసాయనికంగా కలిసిపోయేది ఈ వేడిలోనే. పింగాణీ పన్నుకు ఆ గుణం లేదు. దానిని పిన్నులతోనో, రంధ్రాలతోనో పట్టి ఉంచాలి. అయితే రెసిన్ పన్ను అడుగున మైనపు పొర మిగిలితే అతుకు కుదరక, కొంతకాలానికి పన్ను ఊడిపోతుంది. కనుక ముద్ద నింపేముందు మైనాన్ని శుభ్రమైన మరుగునీటితో పూర్తిగా కడిగివేయాలి.

మైనాన్ని నునుపు చేసేటప్పుడు మంట నేరుగా తగిలితే రెసిన్ పన్ను మెత్తబడి ఆకారం చెడుతుంది, లేదా మాడిపోతుంది. ఉడికిన అచ్చును వెంటనే చన్నీటిలో ముంచినా కీడే. జిప్సం, రెసిన్ ఒకే తీరున సంకోచించవు గనుక ఒత్తిడి నిలిచి పీఠం వంకరపోతుంది. మెరుగు పెట్టేటప్పుడు రాపిడి వేడి పుట్టకుండా తడి పొడినే వాడాలి.

ఇంట్లోనూ ఇదే జాగ్రత్త అవసరం. శుభ్రత కోసమని కట్టుడు పళ్ళను మరిగే నీటిలో వేయరాదు, పొయ్యి దగ్గర ఉంచరాదు. రాత్రివేళ తీసి మామూలు నీటిలో ఉంచాలి. వంకరపోయిన సెట్టు చిగురును ఒరిసి పుండు చేస్తుంది. దానిని ఇంట్లో మళ్ళీ వేడిచేసి సరిచేయబూనక, దంతవైద్యుని వద్దకు తీసుకుపోవడమే శ్రేయస్కరం.