పుట్టలో పుట్టని గొడుగు

పత్రికల్లో పుట్టగొడుగు ఒంటరిగా కనిపించడం అరుదు. ఎప్పుడూ 'ల్లా' అనే తోకతోనే వస్తుంది. కోచింగ్ సెంటర్లు పుట్టగొడుగుల్లా, చిట్‌ఫండ్ కంపెనీలు పుట్టగొడుగుల్లా, అనుమతి లేని లేఅవుట్లు పుట్టగొడుగుల్లా. ఆ వెంటనే 'పుట్టుకొచ్చాయి' అనే క్రియ. పుట్ట, పుట్టు పక్కపక్కనే మోగుతుంటే చెవికి హాయి. రాత్రికి రాత్రి పుట్టేది కనుక పుట్టగొడుగు అని ఎవరైనా అర్థం చెప్పినా అడ్డుపడేవాళ్లుండరు.

అడ్డుపడేది కన్నడం. మన పుట్టను కన్నడిగులు హుత్త అంటారు, మన పుట్టడాన్ని హుట్టు అంటారు. పాలు హాలైనట్టే రెండుచోట్లా పకారం హకారమైంది గానీ, లోపల ఒకదానిలో తకారం, మరొకదానిలో టకారం అలాగే నిలిచాయి. తమిళంలో పుట్ట 'పుఱ్ఱు'. ఆ భాషలో బండి ఱకారం జంటగా ఉన్నచోట కన్నడంలో తకారం, తెలుగులో టకారం రావడం వాడుకే. వాళ్ల చుఱ్ఱు కన్నడంలో సుత్తు, మనకు చుట్టు. వాళ్ల మాఱ్ఱం కన్నడంలో మాతు, మనకు మాట. కాబట్టి పుట్ట, పుట్టు వేరువేరు ఇంటిపేర్లవాళ్లు. తెలుగులోకి వచ్చాక ఒకే పోలిక పడ్డారంతే.

పోనీ, ఇది నిజంగా పుట్టమీది గొడుగేనా అంటే, అక్షరాలా అంతే. పుట్టలు పెట్టేవి చీమలని సామెత. కట్టేది మాత్రం చెదపురుగులు. వాటిలో కొన్ని జాతులు ఆకూ పుల్లా నమిలి, పుట్ట లోపల స్పంజి లాంటి అరలు కట్టి, వాటిమీద ఒక బూజును సాగు చేసుకుంటాయి. వానలు పడ్డాక ఆ బూజే పొడవాటి కాడతో మట్టిని చీల్చుకుని పైకొచ్చి గొడుగు విప్పుతుంది. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రోజే ఎయిమ్ 1942లో దానికి టెర్మిటోమైసిస్ అని పేరుపెట్టాడు. లాటిన్‌ను, గ్రీకును కలిపి ఆయన అన్నది 'చెదల బూజు' అని. తొలకరి తర్వాత పుట్టల చుట్టూ వెతికే మన పల్లెజనానికి ఆ సంగతి కొత్తదేమీ కాదు, వాళ్ల మాటలోనే ఉంది.

ఇక గొడుగు. దీనికి చుట్టాలు బోలెడు: తమిళ కుడై, మలయాళ కుడ, కన్నడ కొడె. గొడుగన్నాక దానికింద ఎవరో ఒకరు నిలబడాలి కదా, ఆ ఎవరన్నదాని దగ్గరే భాషలు సరదాగా తగువు పడ్డాయి. తెలుగులో దీనికి కుక్కగొడుగు అని మరో పేరు, కన్నడంలో నాయికొడె, అదీ కుక్కదే. హిందీవాళ్ల కుకుర్‌ముత్తాలో కుక్క గొడుగు పట్టుకోలేదు, ఇంకేదో చేసి వెళ్లిపోయింది. ఇంగ్లీషువాళ్లు విషపు జాతులకు టోడ్‌స్టూల్ అని పేరుపెట్టి కప్పకు పీట వేశారు.

సంస్కృతం మాత్రం ఈ గొడుగును పాముకు పట్టింది: అహిచ్ఛత్రకం. ఈ మాట దొరికే చోటు ముచ్చటైనది. దానమివ్వని లోభిని ఇంద్రుడు 'క్షుంపాన్ని' తన్నినట్టు కాలితో ఎప్పుడు తన్నుతాడని ఋగ్వేదంలో ఒక ఋషి అడుగుతాడు. నిరుక్తకారుడు యాస్కుడి కాలానికే క్షుంపమంటే ఏమిటో వివరించాల్సి వచ్చింది. అహిచ్ఛత్రకమని చెప్పి, కదిలిపోయేది కనుక ఆ పేరంటూ క్షుభ ధాతువుతో ముడిపెట్టాడు. పిసినారికి పుట్టగొడుగుతో పోలిక! కాలు తగిలితే చాలు, కాడ ఒకవైపు, గొడుగు ఒకవైపు.

శిలీంధ్రం అనే మాట ఇప్పుడు పాఠ్యపుస్తకాల్లో బూజులన్నిటికీ ఉమ్మడి పేరు. కాళిదాసు మేఘదూతంలో ఉరుము వినబడితే నేల శిలీంధ్రాలు తొడిగి తాను గొడ్డుది కాదని చాటుకుంటుంది. ఉరుముకూ పుట్టగొడుగుకూ ఉన్న పాత లంకె అది. అయితే మెదక్ జిల్లా కొల్చారంవాడిగా మనం చెప్పుకునే వ్యాఖ్యాత మల్లినాథసూరి ఇక్కడ శిలీంధ్రమంటే కందళి అని రాశాడు, అంటే వానాకాలపు పూల మొక్క. కోశం ఆయనకు ఆ వీలు ఇచ్చింది. అయినా ఉరుముకు జడిసి ఒక్కసారిగా నేల చీల్చుకొచ్చేది పుట్టగొడుగే అని నా పక్షం. మల్లినాథుడితో విభేదించడం సాహసమే, కానీ వానకు తడిసిన పుట్ట నా వైపు ఉంది.

ధర్మశాస్త్రానికి దీనిమీద అంత ప్రేమ లేదు. మనుస్మృతి ఐదో అధ్యాయం వెల్లుల్లి, ఉల్లిపాయల సరసన దీన్నీ ద్విజులకు కూడదంది. అక్కడ ఒకచోట కవకం, మరోచోట ఛత్రాకం. శాకాహారులు నొచ్చుకోవలసిన పని లేదు గానీ, శాస్త్రం లెక్కన ఇది శాకం కూడా కాదు. మొక్కలకంటే జంతువులకే దగ్గరి వంశం. దీని కణాల గోడల్లో ఉండే కైటిన్, పీతల పెంకుల్లోనూ పురుగుల పైతొడుగుల్లోనూ ఉండే పదార్థమే.

వీగన్లు మాత్రం దీన్ని నిస్సంకోచంగా తింటారు. 1944లో ఇంగ్లండులో డొనాల్డ్ వాట్సన్, ఆయన మిత్రులు వెజిటేరియన్ అనే మాటకు తలా తోకా ఉంచి నడుము తీసేసి వీగన్ అన్నారు. పాలు, పెరుగు, నెయ్యి ఆ తీసేసిన నడుముతోనే పోయాయి. పొయ్యి కూడా వద్దనేవాళ్లు వీళ్లలో ఒక శాఖ. సుమారు 48 డిగ్రీలు దాటి వేడిచేసింది వాళ్లకు పచ్చిది కాదు.

వాళ్ల విందుల్లో భోజనానికి ముందు వచ్చే ఒక చిరుతిండి కోసమే ఇంత దూరం నడిచాను. అది కూరిన పుట్టగొడుగు. ఇందుకు వాడే బటన్ రకం పుట్ట ముఖం ఎరగదు. గడ్డినీ పెంటనూ మాగబెట్టిన కంపోస్టు మీద, చీకటి గదుల్లో పెరుగుతుంది. గొడుగు విప్పకముందే కోస్తారు. విప్పేదాకా ఉంచితే అదే జాతి పోర్టొబెల్లో అనే పెద్ద పేరుతో అమ్ముడుపోతుంది. అంటే మన చేతికొచ్చేది పుట్టా లేనిది, గొడుగూ కానిది.

తడిగుడ్డతో తుడిచి, కాడను పట్టుకుని మెల్లగా మెలిపెడితే 'టక్'మని ఊడివస్తుంది. టోపీని తిరగేస్తే గిన్నె. పేరుపెట్టినవాడు దీన్ని పైనుంచి చూశాడు, వంటవాడు కిందినుంచి చూస్తాడు. తమిళంలో కుడై అంటే గొడుగే కాదు, తొలిచి గుల్ల చేయడమనే క్రియ కూడా. చెవిలో గుబిలి తీసుకోవడానికి సైతం అదే క్రియ. నిఘంటువులో ఈ రెండూ వేరువేరు పదాలు. అవి ఒకటేనని నేను వాదించను గానీ, చెంచాతో ఆ టోపీ లోపలి గీరలను తీస్తున్నప్పుడు రెండు కుడైలూ ఒక్క చేతిలోనే ఉంటాయి.

నిమ్మరసం, ఉప్పు, కాస్త గానుగ నూనె పట్టించి అరగంట ఉంచాలి. పుట్టగొడుగులో పదింట తొమ్మిది వంతులు నీరే కనుక ఉప్పు తగలగానే నీరు వదిలి మెత్తబడుతుంది. నిప్పు చేయాల్సిన పని కొంత ఉప్పూ పులుపూ చేస్తాయి. ఈలోగా నానబెట్టిన పల్లీలు, పచ్చి కొబ్బరి, పచ్చిమిర్చి, అల్లం, కొత్తిమీర, తీసి పెట్టుకున్న కాడలు కలిపి కచ్చాపచ్చాగా నూరి కుక్కాలి. కుక్కగొడుగులో కుక్కడమన్నమాట. పోపు లేదు. తెలుగువాడి నాలుకకు ఇదే అసలు పరీక్ష.

పల్లీల బదులు జీడిపప్పు వాడమంటారు చాలామంది. కొట్లో పచ్చి జీడిపప్పని అమ్మేది పచ్చిది కాదు. పలాసలో గింజకు వేడి తగిలించనిదే పెంకు తీయరు, ఆ పెంకులోని జీడి చేతులు పొక్కిస్తుంది.

పచ్చి అన్నాం కదా, అక్కడ ఆగాలి. ఇంగ్లీషు రా, లాటిన్ క్రూడుస్, సంస్కృత క్రవ్యం, క్రూరం ఒకే తల్లి పిల్లలు. ఆ తల్లి నెత్తురోడే మాంసం. పచ్చిమాంసం తినేవాడు కనుక రాక్షసుడు క్రవ్యాదుడు. రా వీగన్ అన్నప్పుడు ఇంగ్లీషు నాలుక ఒకే ఊపిరిలో మాంసాన్నీ దాని నిషేధాన్నీ పలుకుతోంది.

మన పచ్చి మాత్రం పచ్చలోంచి వచ్చింది. తమిళంలో పచ్చై అంటే ఆకుపచ్చా అవును, వండనిదీ అవును. కన్నడంలో హసిరు ఆకుపచ్చ, హసి పచ్చిది. మనవాళ్లకు వండనిదంటే చెట్టునుంచి అప్పుడే కోసింది, ఇంకా ఆకురంగు వదలనిది. పచ్చిగడ్డి, పచ్చిపాలు, పచ్చి బాలింత, పచ్చి పుండు: అన్నిట్లోనూ ఇంకా ఆరని తడి ఉంది. పచ్చి అబద్ధంలో కూడా అంతే. ఉడకబెట్టి నమ్మకంగా మార్చే ఓపిక లేనివాడు చెప్పేదది. తెలంగాణ పచ్చిపులుసుకు పొయ్యితో పని పోపు దగ్గర మాత్రమే. ఆ పోపు మానేస్తే రా వీగన్లు ఎంత వెతికినా అంతకంటే మంచి పులుసు దొరకదు.

ఒక హెచ్చరిక. పచ్చిగా తినడమన్నది కొన్న బటన్ రకానికే. పుట్టమీదదైనా పొలంగట్టు మీదదైనా పచ్చిగా నోట పెట్టవద్దు. షిటాకె రకం పచ్చిదో సరిగ్గా ఉడకనిదో తింటే కొందరికి కొరడా వాతల్లాంటి దద్దుర్లు తేలతాయి. బటన్‌లోనూ అగారిటిన్ అనే పదార్థముంది, వండితే అది చాలావరకు తగ్గుతుంది. అందుచేత నాలుగు తిని ఆపడం మేలు. ఆకలి రేపడానికి వచ్చింది ఆకలి తీర్చకూడదు.

ఇంతకీ ఈ వంటకాన్ని తెలుగులో ఏ తరగతిలో వేయాలి? భోజనానికి ముందు కొరుక్కునేదాన్ని నంజుడు అందామంటే, పాత తెలుగులో నంజుడంటే మాంసం. నంజుడుదిండి అంటే రాక్షసుడు, అచ్చం క్రవ్యాదుడికి తెలుగు వేషం. సంస్కృతంలో ఉపదంశం ఉంది, పక్కన పెట్టుకు కొరికేదని. కానీ ఆ పక్కన ఉండేది మామూలుగా మద్యం. చివరికి హోటల్ మెనూ కార్డులోని స్టార్టరే మిగిలింది. దానికి ఏ పాపమూ తెలియదు.