గోడ ఎవరిది? నర్సీపట్నంలో ఎన్నికల రాతలు, నిబంధనలు

ఎన్నికల చరిత్ర అనగానే ఓట్లు, సీట్లు, ప్రభుత్వాలు గుర్తుకు వస్తాయి. ఈ భాగంలో మీరు గోడను గురించి తెలుసుకుంటారు. నర్సీపట్నం ఇందుకు తగిన ఊరు. చాలాకాలం పంచాయతీగా ఉండి, తరువాత పురపాలక సంఘమైంది. చింతపల్లి మన్యానికి ఇది ద్వారం. కాబట్టి అబీద్ సెంటర్‌లో కనిపించే రాతను ఊరివారే కాక కొండ గ్రామాల నుంచి వచ్చేవారూ చూస్తారు.

1951 జనాభా లెక్కల ప్రకారం దేశంలో అక్షరాస్యులు నూటికి 18 మంది మాత్రమే. అందుకే 1952 ఎన్నికలలో ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, దానిపై అతని గుర్తు. ఆ గుర్తును ఓటరు మనసులో నిలపడానికి సున్నం కొట్టిన గోడ, ఒక కుంచె, కాస్త రంగు చాలు. డబ్బులేని అభ్యర్థికి ఇంతకన్నా చవకైన ప్రచారం లేదు. అయితే ఆ గోడ సొంతదారును ఎవరు అడిగారు?

1961లో ప్రజాప్రాతినిధ్య చట్టంలో 127ఎ సెక్షన్ చేరింది. దీని ప్రకారం ఎన్నికల పోస్టరుపై ముద్రాపకుని, ప్రచురణకర్త పేర్లు, చిరునామాలు ఉండాలి. ఇక్కడ ఒక విశేషం గమనించండి: చేతితో నకలు రాయడాన్ని ఈ సెక్షన్ ముద్రణగా లెక్కించలేదు. కుంచెతో రాసిన గోడ రాతకు పేరు పెట్టనక్కరలేకపోయింది. యజమాని అనుమతి లేనిదే గోడపై రాయరాదని ఎన్నికల ప్రవర్తనా నియమావళి చెప్పింది. కానీ నియమావళి చట్టం కాదు. 1990 దశకంలో శేషన్ ప్రధాన ఎన్నికల కమిషనర్‌గా ఉన్నప్పుడే దానికి పదును వచ్చింది. 1997లో రాష్ట్రం ప్రత్యేక చట్టం చేసి, ప్రజల కంటికి కనిపించే చోట్లను రాతలతో, పోస్టర్లతో పాడుచేయడాన్ని శిక్షార్హం చేసింది.

ఈ స్థానిక చట్టానికి ప్రాముఖ్యం ఎక్కువ. ఎందుకంటే ప్రైవేటు గోడ విషయంలో ఎన్నికల సంఘం ముందుగా చూసేది దానినే. అది ఒప్పుకోని చోట యజమాని రాతపూర్వకంగా సరేనన్నా చెల్లదు. ఒప్పుకున్న చోట ఆ అంగీకార పత్రాన్ని మూడు రోజులలో రిటర్నింగ్ అధికారికి అందజేయాలి. ఎన్నికల ప్రకటన వెలువడిన 24 గంటలలో ప్రభుత్వ కార్యాలయాల మీద, 48 గంటలలో బస్టాండు, కరెంటు స్తంభాల వంటి చోట్ల, 72 గంటలలో ప్రైవేటు ఆస్తులపై ఉన్న అనధికార రాతలను తొలగించాలి. 2024 మార్చి 16న షెడ్యూలు వచ్చినప్పుడు నర్సీపట్నానికీ ఇదే గడువు. 2021 మార్చిలో జరిగిన పురపాలక ఎన్నికలను మాత్రం రాష్ట్ర ఎన్నికల సంఘం నిర్వహించింది. విద్యార్థులు ఈ రెండు సంఘాలనూ తరచుగా కలిపేస్తుంటారు.

అంగీకార పత్రం చిన్న కాగితమే. కానీ బలమైన నాయకుడి మనిషి వచ్చి అడిగితే పెంకుటింటి యజమాని కాదనగలడా అన్నది చట్టం తేల్చలేని ప్రశ్న. మరోవైపు, గోడ రాత తగ్గి ఫ్లెక్సీ వచ్చాక కుంచె పట్టిన చిత్రకారుడికి పని పోయింది, చిన్న అభ్యర్థికి ఖర్చు పెరిగింది. ఊరు శుభ్రపడిందనే వాదన సగమే నిజమని నా అభిప్రాయం. ప్లాస్టిక్ ఫ్లెక్సీల నిషేధాన్ని 2022 ఆగస్టులో విశాఖపట్నంలో ప్రకటించినా, అమలు తేదీని 2023 జనవరికి జరపవలసి వచ్చింది.

అభ్యాసం: మీ వీధిలో రంగు పొరలు పేరుకున్న పాత గోడను ఒకదానిని ఎంచుకోండి. ఏ పొర ఏ ఎన్నికదో పెద్దలను అడగండి. అప్పట్లో తమను ఎవరైనా అనుమతి అడిగారా అని ఆ ఇంటివారిని కూడా అడిగి, వారి జవాబును వారి మాటల్లోనే రాసుకోండి.