చిక్కబళ్లాపురం జిల్లాలో తుపాను ప్రభావం

సముద్రానికి దూరమే అయినా, బంగాళాఖాతంలో వాయుగుండం పట్టిందంటే చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి ప్రాంతాలకు ముప్పే. అది గాలితో కాదు, ముసురుతో వస్తుంది. 2021 నవంబరు 19 తెల్లవారుజామున వాయుగుండం పుదుచ్చేరి, చెన్నై మధ్య తీరం దాటింది. అప్పటికే రోజుల తరబడి కురిసిన వానలకు కోతకొచ్చిన రాగి పైరు నేలకొరిగి, వెన్నులు చేలోనే మొలకెత్తాయి. గడ్డి కుళ్లితే పశువుల మేత పోయినట్టే. నష్టం లెక్కల్లో మాత్రం గింజకున్న గుర్తింపు గడ్డికి రాదు. ముసురు పట్టుపురుగులకూ ముప్పే; వాటికి తడి మల్బరీ ఆకు పడదు. చలి, చెమ్మ ఎక్కువైతే సున్నపుకట్టు రోగం సోకి పురుగు తెల్లగా బిగుసుకుపోతుంది. నంది కొండల ప్రాంతంలో పుట్టిన చిత్రావతి నది బాగేపల్లి మీదుగా ఆంధ్రలోకి పారుతుంది. 2021 నవంబరు 19నే దిగువన అప్పటి అనంతపురం జిల్లాలో దాని వరదలో చిక్కుకున్న 10 మందిని వైమానిక దళం హెలికాప్టర్‌లో కాపాడింది.