గిండీ లెక్క గగనానికి చేరిన వైనం

విమాన పందేల చరిత్రలో మొదటి నుంచీ రెండు పాయలు కనిపిస్తాయి. 1909 ఆగస్టులో ఫ్రాన్స్‌లోని రీమ్స్ దగ్గర జరిగిన గోర్డన్ బెనెట్ కప్పు పోటీలో అమెరికా దేశస్థుడు గ్లెన్ కర్టిస్ సాధించిన విజయం మొదటి పాయకు చెందినది. అందులో ఎవరి యంత్రం అందరికన్నా వేగంగా పోతే వారిదే బహుమతి. ఈ పద్ధతిలో బలమైన ఇంజను, దాని వెనుక పెట్టుబడి పెట్టగల కర్మాగారమో ప్రభుత్వమో ఉన్నవారికే ఆశ ఉంటుంది కాబట్టి, 1920ల నాటికి సముద్ర విమానాల ష్నైడర్ ట్రోఫీ వంటి పోటీలు దేశాల మధ్య వ్యవహారంగా మారిపోయాయి. సొంత డబ్బుతో చిన్న విమానం కొనుక్కున్న ఔత్సాహికుడు వాటిని ఒడ్డున నిలబడి చూడవలసిందే. అతనికి కూడా చోటు కల్పించిన రెండో పాయ హ్యాండికాప్ పందెం. యంత్రాల వేగంలో ఉన్న తేడాను ముందుగానే లెక్కగట్టి, నెమ్మదైనదానికి ఆ మేరకు వెసులుబాటు ఇచ్చి, అన్నిటికీ గెలుపు అవకాశం సమానంగా ఉండేలా చూడడం దీని సూత్రం.

ఈ సూత్రం విమానాల కోసం పుట్టలేదు. ఇంగ్లండ్‌లో ఆస్కాట్ మైదానంలో 1791లో పరుగెత్తిన ఓట్‌లాండ్స్ పందెం తొలినాటి పెద్ద హ్యాండికాప్ గుర్రప్పందేలలో పేరున్నది. సత్తువ ఉన్న గుర్రం వీపున ఎక్కువ బరువు, లేనిదాని మీద తక్కువ బరువు మోపడం అందులోని కిటుకు. పంతొమ్మిదో శతాబ్దం మధ్యలో అడ్మిరల్ రౌస్ గుర్రాల వయసును బట్టి బరువుల పట్టికను సిద్ధం చేసి, ఈ పనికి ఒక శాస్త్రపు గౌరవం తెచ్చాడు. పడవ పందేలలో బరువుకు బదులు కాలాన్ని తూచి ఇచ్చారు. మద్రాసుకు సంబంధించినంత వరకు ఈ లెక్క కొత్తది కాదు, ఎందుకంటే గిండీలో 1777 నుంచి గుర్రప్పందేలకు కేటాయించిన నేల ఉండేది. ఏ గుర్రానికి ఎంత బరువు పడిందో పందేనికి ముందే చూసుకుని బేరీజు వేసుకోవడం అక్కడికి వెళ్ళే ప్రేక్షకులకు తరాల నాటి అలవాటు. నగరంలో విమానాలు ఎగిరే మీనంబాక్కం మైదానం తరువాతి కాలంలో ఆ గిండీకి కొద్ది మైళ్ళ దూరంలోనే వెలిసింది.

విమానానికి బరువు మోపడం ప్రమాదకరం కాబట్టి, ఇక్కడ కూడా పడవల మాదిరిగా కాలాన్నే సర్దుబాటు చేశారు. ప్రతి విమానానికీ ఒక అంచనా వేగం నిర్ణయించి, పందెం దూరాన్ని ఆ వేగంతో భాగిస్తే దానికి పట్టవలసిన సమయం వస్తుంది. ఆ సమయాల మధ్య ఉన్న తేడాల ప్రకారం అన్నిటికన్నా నెమ్మదైనది మొదట, అన్నిటికన్నా వేగమైనది చివర బయలుదేరుతాయి. ఆ చివరిదానిని స్క్రాచ్ విమానం అంటారు. ఉదాహరణకు, మీనంబాక్కం నుంచి పడమరగా ఆర్కాటు దిక్కుకు 50 మైళ్ళు పోయి తిరిగి వచ్చే ఒక పందెం ఊహించుకుంటే, గంటకు 80 మైళ్ళ విమానానికి 75 నిమిషాలు, 100 మైళ్ళదానికి 60 నిమిషాలు, 120 మైళ్ళదానికి 50 నిమిషాలు పట్టాలి. అంటే మొదటిది గాలిలోకి లేచిన 15 నిమిషాలకు రెండోది, 25 నిమిషాలకు మూడోది లేవాలి. లెక్క కచ్చితంగా కుదిరి, ముగ్గురు పైలట్లూ ఒకే నేర్పు చూపితే మూడు విమానాలూ ఒక్క క్షణంలో గమ్యరేఖ దాటాలి. అలా ఎన్నడూ జరగకపోవడమే పందెం. అయినా ఈ పద్ధతిలో ఉన్న పెద్ద సౌకర్యం ఏమిటంటే, గీతను ముందు దాటినవాడే విజేత గనుక ప్రేక్షకుడికి కాగితం, పెన్సిలు అవసరం లేదు; లెక్కంతా బయలుదేరకముందే అయిపోతుంది.

అయితే ఆ లెక్కను చెడగొట్టేది గాలి. పై ఉదాహరణలోనే గంటకు 20 మైళ్ళ పడమటి గాలి వీస్తోందనుకుంటే, 80 మైళ్ళ విమానం పోయేటప్పుడు నేల మీద 60 మైళ్ళ వేగానికి పడిపోయి 50 నిమిషాలు, వచ్చేటప్పుడు 100కు పెరిగి 30 నిమిషాలు తీసుకుంటుంది. మొత్తం 80 నిమిషాలు, అంటే 5 నిమిషాల నష్టం. 120 మైళ్ళ విమానానికి అదే గాలిలో కలిగే నష్టం ఒకటిన్నర నిమిషం లోపే. ఎదురుగాలిలో గడిపే సమయం తోడుగాలిలో గడిపే సమయం కన్నా ఎప్పుడూ ఎక్కువే కాబట్టి, పోగొట్టుకున్నది తిరిగి రాదు. అందులోనూ నెమ్మదైన విమానమే ఎక్కువ పోగొట్టుకుంటుంది. అందుచేత హ్యాండికాప్ నిర్ణయించే అధికారి, అంటే హ్యాండికాపర్, పందెం రోజు వాతావరణ సూచన చూసి బయలుదేరే వేళలను సరిచూసుకోవలసి వచ్చేది. వేసవిలో ఉదయం పడమటి గాలి వీచి, మధ్యాహ్నానికి సముద్రపు గాలి తిరిగే మద్రాసు వంటి చోట ఈ పని మరింత చిక్కు. మొదట లేచిన విమానానికి ఒక గాలి, చివర లేచినదానికి మరొక గాలి తగలవచ్చు.

ఆకాశంలో ఈ పద్ధతి స్థిరపడింది లండన్ శివారులోని హెండన్ మైదానంలో. క్లాడ్ గ్రహామ్-వైట్ అక్కడ మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు వారాంతాల్లో, టికెట్టు కొని వచ్చే జనం ముందు విమాన ప్రదర్శనలు నడిపించాడు. అప్పటి విమానాలు ఒకదానికొకటి పోలిక లేనివి కావడం వల్ల, తేడా సర్దకుండా పరుగెత్తిస్తే ఫలితం ముందే తెలిసిపోతుంది. చూసేవారు మళ్ళీ రారు. హ్యాండికాప్‌కు తొలి ప్రోత్సాహం న్యాయబుద్ధి కన్నా టికెట్ల అమ్మకం నుంచే వచ్చిందని చెప్పడం తప్పు కాదు. యుద్ధం తరువాత, 1922లో, ఐదవ జార్జి చక్రవర్తి ఒక కప్పును బహూకరించగా, ఆ ఏడాది సెప్టెంబరులో క్రాయ్‌డన్ నుంచి గ్లాస్గోకు పోయి తిరిగి రావలసిన మొదటి కింగ్స్ కప్ పందెం హ్యాండికాప్ పద్ధతిలోనే జరిగింది. గెలిచినవాడు ఫ్రాంక్ బర్నార్డ్. అతడు నడిపినది యుద్ధకాలపు బాంబర్‌ను ప్రయాణికుల కోసం మార్చిన డీహెచ్ 4ఏ. తొలి ఏళ్ళలో పందెంలో కనిపించినవి చాలావరకు ఇలాంటి యుద్ధపు మిగులు సరుకే.

1925 ఫిబ్రవరి 22న జెఫ్రీ డి హావిలాండ్ తన కొత్త మాత్ విమానాన్ని మొదటిసారి ఎగరేయడంతో పరిస్థితి మారింది. ఇద్దరు కూర్చోగల ఈ రెండు రెక్కల విమానానికి ఫ్రాంక్ హాల్‌ఫర్డ్ రూపొందించిన 60 అశ్వశక్తి సిర్రస్ ఇంజను అమర్చారు. యుద్ధకాలం నాటి ఎనిమిది సిలిండర్ల ఇంజనులో సగాన్ని తీసుకుని నాలుగు సిలిండర్లతో తయారుచేయడం వల్ల దాని ఖర్చు తగ్గింది. విమానం రెక్కలు వెనక్కి మడిచి చిన్న షెడ్డులో పెట్టుకోవచ్చు. అదే ఏడాది బ్రిటిష్ వైమానిక శాఖ తేలికపాటి విమానాల క్లబ్బులకు ఆర్థిక సహాయం మొదలుపెట్టడంతో మాత్‌కు సిద్ధంగా కొనుగోలుదారులు దొరికారు. 1926లో హ్యూబర్ట్ బ్రాడ్, 1927లోను 1928లోను వాలీ హోప్ మాత్‌ల మీదే కింగ్స్ కప్ గెలుచుకున్నారు. 1929లో మాత్రం వైమానిక దళ అధికారి అచర్లీ, గంటకు 150 మైళ్ళ సగటుతో గ్లోస్టర్ గ్రీబ్ అనే యుద్ధ విమానం మీద గెలిచి, హ్యాండికాప్ అంటే నత్తలకు నజరానా అని వెక్కిరించినవారి నోరు కొంతకాలం మూయించాడు.

1930 జులై 5న జరిగిన పందెం ఈ పద్ధతికి పరాకాష్ఠ. 101 దరఖాస్తులు రాగా 88 విమానాలు బయలుదేరాయి. బ్రిటన్ చుట్టూ 750 మైళ్ళు తిరిగి హాన్‌వర్త్ మైదానంలో మొదట గీత దాటిన విమానం వినిఫ్రెడ్ బ్రౌన్ అనే యువతిది. ఆవ్రో ఏవియన్ అనే తేలికపాటి విమానంలో సగటున గంటకు 102 మైళ్ళకు పైగా వేగంతో వచ్చిన ఆమె, కింగ్స్ కప్ గెలిచిన తొలి మహిళ. కేవల వేగపు పోటీలో ఆమె పేరు మధ్యలో ఎక్కడో ఉండేది. ఆమె దారి తప్పలేదు, మలుపు స్తంభాల దగ్గర సమయం వృథా చేయలేదు. అధికారి అంచనా వేసిన దానికన్నా తన విమానం నుంచి ఎక్కువ రాబట్టింది. హ్యాండికాప్ పందెం నిజానికి కొలిచేది ఈ చివరిదాన్నే.

అందువల్ల పైలట్లకూ హ్యాండికాపర్లకూ మధ్య ఎడతెగని దాగుడుమూతలు సాగాయి. కింగ్స్ కప్‌కు ఏళ్ళ తరబడి ఈ పని చేసిన రోవార్త్, డాన్సీ ఇద్దరూ తయారీదారు చెప్పిన వేగాన్ని నమ్మి ఊరుకోలేదు. ఇంజను రకం, రెక్కల తీరు, పాత పందేలలో అదే విమానం చూపిన వేగం అన్నీ పరిశీలించేవారు. గిండీలో పగ్గం బిగబట్టిన జాకీని జనం ఎలా అనుమానించేవారో, పరీక్షలో తాపీగా ఎగిరి పందెంలో విజృంభించిన పైలట్‌ను కూడా తోటివారు అలాగే చూశారు. చట్టబద్ధమైన ఉపాయాలకు కొదవ లేదు: ముందు సీటు మీద మూత బిగించడం, గుడ్డ రెక్కలకు మైనం రుద్ది నునుపు చేయడం, అతుకుల సందుల మీద పట్టీలు అంటించడం, తక్కువ తిప్పుళ్ళతో ఎక్కువ దూరం లాగే ప్రొపెల్లర్ పెట్టడం. ఎదురుగాలి ఉన్నప్పుడు, నేలకు దగ్గరగా గాలి వేగం తక్కువగా ఉంటుంది కాబట్టి చెట్ల ఎత్తున పోవడం, తోడుగాలి ఉన్నప్పుడు పైకెక్కి దాన్ని వాడుకోవడం అనుభవజ్ఞుల లక్షణం. మలుపు దగ్గర బాగా వాలి బిగువుగా తిరిగితే దూరం కలిసివచ్చినా వేగం పడిపోతుంది. వెడల్పుగా తిరిగితే వేగం నిలిచినా దూరం పెరుగుతుంది. స్తంభం లోపలి నుంచి పోతే పరిశీలకుడు విమానం మీది పెద్ద అంకె రాసుకుంటాడు, శ్రమంతా వృథా.

మద్రాసుకు విమానంతో పరిచయం తొందరగానే అయింది. మౌంట్ రోడ్డులో హోటల్ నడిపిన జాకోమో డి ఆంజెలిస్ తన సొంత నమూనాతో సింప్సన్ కంపెనీ చేత ఒక విమానం చేయించి, 1910 మార్చిలో పల్లావరం దగ్గర పరీక్షించి, ఐలాండ్ మైదానంలో ప్రజలకు ప్రదర్శించాడు. గుర్రపు బళ్ళు తయారుచేసి పేరు తెచ్చుకున్న సంస్థ విమానం కట్టడం ఆ కాలపు రివాజుకు తగినట్టే ఉంది. అయితే ఒక్క విమానంతో పందెం జరగదు. పోటీకి కావలసిన బలగం క్లబ్బులతోనే వచ్చింది. 1927లో ఏర్పడిన ఏరో క్లబ్ ఆఫ్ ఇండియా అండ్ బర్మా చొరవతో, ప్రభుత్వ గ్రాంటు ఆసరాతో ఢిల్లీ, బొంబాయి, కరాచీ, కలకత్తాలలో క్లబ్బులు వెలిశాయి. బొంబాయి క్లబ్బులో నేర్చుకున్న జె.ఆర్.డి. టాటా 1929 ఫిబ్రవరి 10న లైసెన్సు పొందాడు. మద్రాసు ఫ్లయింగ్ క్లబ్ 1930లో మొదలైంది. ఈ క్లబ్బులన్నిటా ప్రధాన వాహనం మాత్. చెక్క చట్రం వేడికీ తేమకూ తట్టుకోవడం కష్టం కాబట్టి, ఇనుప గొట్టాల చట్రంతో చేసిన మెటల్ మాత్ అనే రకం ఇలాంటి దేశాలకు ఎక్కువగా నప్పింది. అన్నీ ఒకే జాతివే అయినా, ఒకటి పాత సిర్రస్‌తో, మరొకటి 100 అశ్వశక్తి జిప్సీ ఇంజనుతో, ఇంకొకటి మూసిన క్యాబిన్ ఉన్న పుస్ మాత్‌గా ఉండే క్లబ్బు షెడ్డులో సరసమైన పోటీ పెట్టాలంటే హ్యాండికాప్ తప్ప దారి లేదు. 1930లలో ఢిల్లీలో జరిగిన వైస్రాయ్ కప్ పందెం కింగ్స్ కప్‌ను అనుసరించి ఈ పద్ధతినే పాటించింది.

భారతదేశంలో ఈ తేలిక విమానాలు పందేలకన్నా తపాలాతోనే ఎక్కువ మందికి తెలిశాయి. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి బొంబాయికి పుస్ మాత్‌లో తెచ్చిన టపాను నెవిల్ విన్సెంట్ అందుకుని, బళ్ళారి మీదుగా మద్రాసుకు చేర్చాడు. గంట గంటకూ గాలి మారే దక్కన్ పీఠభూమి మీద వేళ తప్పకుండా సంచులు చేర్చాలంటే పందెపు పైలట్‌కు కావలసిన దారి లెక్క, గాలి లెక్క కావాలి.

హ్యాండికాప్ లెక్క ఎంత దూరం పోగలదో 1934 అక్టోబరులో తేలింది. ఇంగ్లండ్‌లోని మిల్డెన్‌హాల్ నుంచి మెల్‌బోర్న్ వరకు జరిగిన మాక్‌రాబర్ట్‌సన్ పందెంలో వేగానికి ఒకటి, హ్యాండికాప్‌కు ఒకటి రెండు విభాగాలు పెట్టారు. మన అలహాబాదు తప్పనిసరిగా దిగవలసిన మజిలీలలో ఒకటి. బరువు, రెక్కల వైశాల్యం, ఇంజను శక్తి కలిపి కట్టిన సూత్రం మీద ఆధారపడిన హ్యాండికాప్ విభాగంలో, చిన్న విమానాలకు మేలు జరుగుతుందని అనుకున్నవారికి విరుద్ధంగా, కేఎల్‌ఎం సంస్థకు చెందిన డీసీ-2 ప్రయాణికుల విమానం గెలిచింది. ప్రయాణికులతో, టపాతో వచ్చిన ఆ విమానం చివరి రాత్రి తుఫానులో దారి తప్పితే, ఆస్ట్రేలియాలోని ఆల్బరీ పట్టణవాసులు తమ కార్ల దీపాలు వెలిగించి దాన్ని దింపుకున్నది ఒక గుర్రప్పందేల మైదానంలో.

క్రమంగా పందేలు ప్రత్యేక యంత్రాల వైపు జారాయి. పెర్సివల్ మ్యూ గల్ అనే ఒంటి సీటు విమానం మీద 1938 కింగ్స్ కప్‌ను అలెక్స్ హెన్‌షా గంటకు 236 మైళ్ళ సగటుతో గెలిచేటప్పటికి, క్లబ్బు మాత్‌కూ దానికీ మధ్య సర్దవలసిన తేడా గంటల్లోకి పెరిగింది. అంకెలు కుదిరినా ఆట పలచబడింది. 1939 సెప్టెంబరులో జరగవలసిన పందెం యుద్ధం వల్ల రద్దయి, మళ్ళీ 1949లోనే జరిగింది. మద్రాసు ఉత్తర దిక్కున, మనలి నుంచి మాధవరం, రెడ్‌హిల్స్ దాటి వెళితే వచ్చే షోళవరంలో యుద్ధకాలంలో వేసిన రన్‌వే మీద, యుద్ధం ముగిశాక పరుగెత్తినవి విమానాలు కాదు, 1950ల నుంచి మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్ నడిపిన కార్లు, మోటారు సైకిళ్ళు. మీనంబాక్కంలో క్లబ్బు విమానాలు ఎగురుతూనే ఉన్నా, అవి ఇక పోటీకన్నా శిక్షణకే ఎక్కువగా పనికివచ్చాయి.