కొత్త లగ్జరీ ఎలక్ట్రిక్ కారు: తొలి ఏళ్ల లోపాల మీద ఆధారాలు ఏం చెబుతున్నాయి

2015 ఆగస్టులో అమెరికా వినియోగదారుల పత్రిక కన్స్యూమర్ రిపోర్ట్స్ తన రోడ్డు పరీక్షలో టెస్లా మోడల్ ఎస్ పీ85డీ కారుకు నూటికి 103 మార్కులు వేసింది. కొలబద్దే చాలకపోవడంతో ఆ పత్రిక తన మార్కుల పద్ధతిని సవరించుకోవాల్సి వచ్చింది. రెండు నెలలు తిరక్కుండానే, అక్టోబరులో, మోడల్ ఎస్‌ను తన సిఫారసుల జాబితా నుంచి తీసేసింది. సుమారు 1,400 మంది యజమానులు సర్వేలో చెప్పిన విషయాలే దానికి ఆధారం. డ్రైవ్ యూనిట్‌లో చప్పుళ్లు, చార్జింగ్ పరికరాల్లో ఇబ్బందులు, మధ్యనున్న పెద్ద తెర మొరాయించడం, బాడీలో కిరకిరలు, సన్‌రూఫ్ దగ్గర కారడం వంటివి వాళ్లు ఏకరువు పెట్టారు. వాటిని బట్టి ఆ కారు విశ్వసనీయత సగటు కన్నా తక్కువని పత్రిక అంచనా కట్టింది. అయినా అదే సర్వేలో 97 శాతం మంది మళ్లీ ఇదే కారు కొంటామన్నారు.

ఈ మూడు ఫలితాలూ నిజమే. పరీక్షకుడు కొన్ని వారాలపాటు నడిపి చూసిన కారు వేరు, ఏళ్ల తరబడి ఇంటి ముందు నిలిచే కారు వేరు. ఇష్టం ఇంకో లెక్క. ఓపిగ్గా మాట్లాడే సర్వీసు సిబ్బంది, అడగకుండానే ఇచ్చే బదులు కారు, వారంటీలో పైసా ఖర్చు లేకుండా మారే భాగం ఉంటే లోపాలున్న బండి మీద కూడా మమకారం నిలుస్తుంది. అందుకే యజమానుల సంతృప్తిని విశ్వసనీయతకు సాక్ష్యంగా తీసుకోకూడదు. ఈ వ్యాసంలో ఆ రెంటినీ విడదీసే చూస్తాను.

మోడల్ ఎస్ డెలివరీలు 2012 జూన్‌లో మొదలయ్యాయి. మోటారు, గేర్లు, ఇన్వర్టరు ఒకేచోట బిగించి ఉండే డ్రైవ్ యూనిట్ దాని గుండెకాయ. మొదటి రెండు మూడేళ్ల కార్లలో చాలావాటికి దీన్ని మార్చాల్సి వచ్చింది. 2014 వేసవిలో సంస్థ అధిపతి ఎలాన్ మస్క్ మదుపరులతో మాట్లాడుతూ ఇచ్చిన వివరణ గమనించదగ్గది. కొన్ని కార్లలో అసలు లోపం డ్రైవ్ యూనిట్‌ది కాదనీ, కేబుల్‌ను సరిగా కట్టకపోవడమో, పలుచని లోహపు బిళ్ల ఒకటి పెట్టాల్సి ఉండటమో కారణమనీ, అది తెలియక మొత్తం యూనిట్లే మార్చేశామనీ ఆయన చెప్పారు. ఇది కంపెనీ మాట కాబట్టి దాన్ని పూర్తి వివరణగా తీసుకోవడం తొందరపాటే. కానీ ఒక విషయం మాత్రం ఇందులో స్పష్టంగా కనిపిస్తుంది. కొత్త రకం బండి వచ్చినప్పుడు బండితోపాటు దాన్ని బాగుచేసే చేతులూ కొత్తవే. చప్పుడు విని జబ్బు పట్టే అనుభవం మెకానిక్కుకు ఇంకా రాలేదు, కాబట్టి భాగాన్ని గంపగుత్తగా మార్చేస్తాడు. మార్చిన భాగాల సంఖ్యనే లోపాల సంఖ్య అనుకుంటే లెక్క పెరుగుతుంది. 2014 ఆగస్టులోనే టెస్లా డ్రైవ్ యూనిట్ వారంటీని, అప్పటికే అమ్మిన కార్లకు కూడా వర్తించేలా, మైళ్ల పరిమితి లేకుండా ఎనిమిదేళ్లకు పెంచింది. 2016 సర్వే నాటికి మోడల్ ఎస్ సగటు స్థాయికి చేరి మళ్లీ సిఫారసు పొందింది. అదే కంపెనీ కొత్తగా తెచ్చిన, గద్ద రెక్కల్లా పైకి లేచే తలుపుల మోడల్ ఎక్స్ మాత్రం ఆ ఏడు అట్టడుగున నిలిచింది. ఒకే కంపెనీ, ఒకే తరహా బ్యాటరీ, ఒకే తరహా మోటారు. తేడా ఏమిటంటే ఒకటి నాలుగేళ్ల పాతది, మరొకటి అప్పుడే పుట్టింది.

ఈ ఒక్క ఉదాహరణతో సిద్ధాంతం కట్టలేం. పెద్ద లెక్కలు చూద్దాం.

కన్స్యూమర్ రిపోర్ట్స్ 2023 సర్వేలో ఎలక్ట్రిక్ కార్లకు పెట్రోలు కార్ల కన్నా 79 శాతం ఎక్కువ సమస్యలు తేలాయి. 2024 సర్వేలో ఆ తేడా 42 శాతానికి తగ్గింది. జేడీ పవర్ సంస్థ కొన్న తొలి 90 రోజుల్లో వచ్చే సమస్యలను ప్రతి 100 కార్లకు ఎన్ని అని లెక్కిస్తుంది. 2024లో ఇంజిను కార్లకు 180, ఎలక్ట్రిక్ కార్లకు 266 వచ్చాయి. ఇంతవరకు చూస్తే ఎలక్ట్రిక్ కారు నమ్మదగనిదే అనిపిస్తుంది. జర్మనీ వాహనదారుల సంఘం ఏడీఏసీ లెక్క దీనికి పూర్తిగా ఎదురు. రోడ్డు మీద ఆగిపోయిన కార్ల దగ్గరకు తమ సహాయ బండ్లు వెళ్లిన సందర్భాలను ఆ సంఘం లెక్కిస్తుంది. 2024 సంవత్సరపు గణాంకాల్లో, రెండు నుంచి నాలుగేళ్ల వయసున్న కార్లలో ప్రతి వెయ్యింటికి ఎలక్ట్రిక్ కార్లు 4.2, ఇంజిను కార్లు 10.4 ఆగిపోయాయి.

రెండూ నిజమే కావచ్చు, ఎందుకంటే రెండూ ఒకే ప్రశ్న అడగలేదు. తెర నల్లబడటం, ఫోన్ కలవకపోవడం, తలుపు పిడి బయటకు రాకపోవడం అమెరికా సర్వేల్లో సమస్యలే. జర్మనీ లెక్కలో అవి కనిపించవు, ఎందుకంటే బండి నడుస్తూనే ఉంది. ఇక కార్ల కంపెనీ సొంత సహాయ వాహనం వచ్చి తీసుకెళ్లిన కారు జర్మనీ లెక్కలోకి రాకపోవచ్చు. లగ్జరీ కార్లకు అలాంటి సేవలు ఎక్కువ కాబట్టి ఈ జాగ్రత్త మరీ అవసరం. పైగా ఈ లెక్కలేవీ లగ్జరీ కార్లకే పరిమితమైనవి కావు. నా అంచనా ఇది: ఎలక్ట్రిక్ కారు యజమానికి తరచూ సర్వీస్ సెంటర్‌కు వెళ్లే చికాకు ఎక్కువ, నడిరోడ్డు మీద నిలిచిపోయే ప్రమాదం సగటున తక్కువ. అయితే సగటు దాచేది చాలా ఉంది. ఆ జర్మనీ పట్టికలోనే 2022 నాటి హ్యుందాయ్ ఐయానిక్ 5 వెయ్యికి 22.4తో విడిగా కనిపిస్తుంది.

ఆ సంఖ్య వెనకున్న కథ మన దాకా వచ్చింది. పెట్రోలు కారులో ఆల్టర్నేటరు 12 వోల్టుల చిన్న బ్యాటరీని నింపుతూ ఉంటుంది. ఎలక్ట్రిక్ కారులో ఇంజిను లేదు, ఆల్టర్నేటరూ లేదు. వందల వోల్టుల పెద్ద బ్యాటరీ నుంచి విద్యుత్తును తగ్గించి చిన్న బ్యాటరీకి పంపే కన్వర్టరు ఆ పని చేస్తుంది. కంప్యూటర్లు, తలుపుల తాళాలు, హెచ్చరిక దీపాలు, పెద్ద బ్యాటరీని మోటారుకు కలిపే కాంటాక్టర్లు అన్నీ ఆ 12 వోల్టుల మీదే మేలుకుంటాయి. ట్యాంకు నిండా నీళ్లున్నా కుళాయి తిప్పే చెయ్యి లేనట్టు, చిన్న బ్యాటరీ చచ్చిపోతే పెద్ద బ్యాటరీలో 80 శాతం చార్జి ఉన్నా బండి కదలదు. హ్యుందాయ్, కియా, జెనెసిస్ కార్లలో ఈ కన్వర్టరు, ఇంట్లో చార్జింగ్ పెట్టినప్పుడు పనిచేసే చార్జరు ఒకే పెట్టెలో ఉంటాయి. దాన్ని ఐసీసీయూ అంటారు. అందులోని ట్రాన్సిస్టర్లు అధిక విద్యుత్ ప్రవాహంతో దెబ్బతింటే చిన్న బ్యాటరీ నిండటం ఆగిపోతుంది. తెర మీద హెచ్చరిక వస్తుంది, వేగం క్రమంగా తగ్గుతుంది, చివరికి బండి ఆగిపోతుంది.

2024 మార్చిలో అమెరికాలో హ్యుందాయ్ దాదాపు 1.47 లక్షల కార్లను దీనికోసం రీకాల్ చేసింది. ఖరీదైన జెనెసిస్ జీవీ60, జీవీ70, జీ80 ఎలక్ట్రిక్ కార్లూ అందులో ఉన్నాయి. నవంబరులో ఆ రీకాల్‌ను 2.08 లక్షలకు విస్తరించాల్సి వచ్చింది. మన దేశంలో 2024 జూన్‌లో 1,744 ఐయానిక్ 5 కార్లను, ఆ తర్వాతి నెలలో 1,138 కియా ఈవీ6 కార్లను పిలిచారు. 2025 ఫిబ్రవరిలో 1,380 ఈవీ6 కార్లకు మళ్లీ పిలుపు వచ్చింది. కియా కర్మాగారం పెనుకొండ పక్కనే ఉన్నా, రీకాల్ అయిన ఈ ఈవీ6 కార్లు అక్కడ తయారైనవి కావు, దిగుమతి చేసుకున్నవి. ఒకే లోపానికి రెండోసారి పిలవడాన్ని ఎలా చదవాలి? మొదటి మరమ్మతు చాలలేదనుకోవచ్చు, లేదా కంపెనీ ఇంకా వెతుకుతూనే ఉందనుకోవచ్చు. ఏది నిజమైనా యజమాని చెయ్యాల్సింది ఒకటే. మొదటి రీకాల్ పని అయిపోయిందని కాగితాన్ని పక్కన పడెయ్యకూడదు.

బండి ఆగినప్పుడు తెలిసే ఇంకో చేదు నిజం ఉంది. కారు చక్రాలు నేల మీద తిరుగుతుంటే మోటారు విద్యుత్తు పుట్టించగలదు, కాబట్టి ఎలక్ట్రిక్ కారును తాడుకట్టి లాక్కెళ్లకూడదు, ఫ్లాట్‌బెడ్ లారీ మీద ఎక్కించాలి. ఇలాంటి కార్ల అధికారిక వర్క్‌షాపులు పెద్ద నగరాల్లోనే ఉంటాయి. హైదరాబాద్‌లో ఒక పూట చికాకు అయ్యేది, మారుమూల జిల్లాలో రెండు మూడు రోజుల పని అవుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరు నుంచి ఎలక్ట్రిక్ కార్లకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయించింది. ఖరీదైన కారు మీద అది లక్షల్లో ఆదా. కొనేవాళ్లు ఆ ఆదాతోపాటు వర్క్‌షాపు ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉందో కూడా లెక్కలో వేసుకోవాలని నేను గట్టిగా చెబుతాను.

కొన్ని లోపాలు తొలి ఏడాది బయటపడవు కానీ తొలి ఏడాదిలోనే పుడతాయి. 2012 నుంచి 2018 మొదటి నెలల దాకా వచ్చిన మోడల్ ఎస్, 2016 నుంచి అప్పటిదాకా వచ్చిన మోడల్ ఎక్స్ కార్ల ప్రధాన తెర వెనక 8 గిగాబైట్ల ఫ్లాష్ మెమరీ చిప్పు ఉండేది. ఫ్లాష్ మెమరీలో చెరిపి రాసిన ప్రతిసారీ కొంత ఆయుష్షు తరుగుతుంది. ఆ చిప్పు సుమారు 3,000 సార్లు తట్టుకుంటుంది, అంటే అయిదారేళ్ల వాడకం. చిప్పు అరిగితే తెర పోతుంది, దాంతో వెనక కెమెరా, అద్దం మీది మంచు తొలగించే మీటలు, సిగ్నల్ చప్పుడు పోతాయి. 2021 జనవరిలో అమెరికా రహదారి భద్రతా సంస్థ దీన్ని భద్రతా లోపంగా పేర్కొంటూ సుమారు 1.58 లక్షల కార్లు రీకాల్ చేయాలని కోరింది. ఫిబ్రవరిలో టెస్లా 1.35 లక్షల కార్లకు ఒప్పుకుంది. మూడు నెలల వ్యవధి గల సర్వే ఏదీ దీన్ని పట్టుకోలేదు. పైగా బ్యాటరీకి ఎనిమిదేళ్ల వారంటీ అని ప్రకటనలో పెద్ద అక్షరాల్లో ఉన్నా, తెర వెనక చిప్పుకు ఆ మాట వర్తించదు. మిగతా ఎలక్ట్రానిక్ భాగాలకు ఎన్నేళ్లో చిన్న అక్షరాల్లో చదవాలి.

బ్యాటరీ లోపాలు అరుదు, కానీ వస్తే బతుకునే మార్చేస్తాయి. టాటా మోటార్స్ ఆధీనంలోని జాగ్వార్ సంస్థ తెచ్చిన ఐ-పేస్ 2019లో ప్రపంచ మేటి కారు అవార్డు గెలుచుకుంది. ఆ తర్వాత కొన్ని సెల్స్‌లో ఆనోడ్ పలక అంచు మడతపడటం వల్ల మంటలు రేగే ప్రమాదం ఉందని తేలింది. 2024లో అమెరికాలోని 2019 మోడల్ యజమానులకు కారును ఇంటికి దూరంగా ఆరుబయట పెట్టమనీ, చార్జి 80 శాతం దాటనివ్వద్దనీ చెప్పారు. చివరికి ఆ కార్లను కంపెనీ తిరిగి కొనడానికి పూనుకుంది. సాఫ్ట్‌వేర్‌తో సరిదిద్దుతామన్న మాటకు హద్దు ఎక్కడో ఈ ఉదంతం చూపిస్తుంది. వోల్వో కూడా 2025లో ఆ ఏటి ఈఎక్స్90 కార్లకు ప్రధాన కంప్యూటర్‌నే ఉచితంగా మార్చి ఇవ్వాల్సి వచ్చింది.

ఇలాంటి కారుతో కాపురం చేసేవాళ్లకు ఆధారాలే ఆయుధం. వచ్చిపోయే లోపం సర్వీస్ సెంటర్‌లో కనిపించదు, జాబ్ కార్డు మీద సమస్య లేదని రాసి బండి తిరిగి ఇస్తారు. అందుకే తెర మీద హెచ్చరిక రాగానే, ప్రయాణికుల చేత గానీ బండి ఆపాక గానీ, ఓడోమీటరు కనిపించేలా ఫొటో తీయించాలి. అప్పటి సాఫ్ట్‌వేర్ వెర్షన్, బయటి వేడి, ఏ చార్జరు దగ్గర ఎంత శాతం నింపారన్నది రాసిపెట్టుకోవాలి. రాత్రికి రాత్రి వచ్చే అప్‌డేట్ ఒక లోపాన్ని మాయం చేసి ఇంకొకదాన్ని తేవచ్చు. అప్‌డేట్‌కు ముందేమిటో రాతలో లేకపోతే ఆ తేడాను ఎవరూ నిరూపించలేరు. నోటిమాట ఫిర్యాదును జాబ్ కార్డులో మీ మాటల్లోనే రాయించండి. కారు ఎన్ని రోజులు వాళ్ల దగ్గర ఉందో తేదీలతో ఉంచుకోండి.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు ఈ తేదీల విలువ బాగా తెలుసు. కాలిఫోర్నియా చట్టం ప్రకారం 18 నెలలు లేదా 18,000 మైళ్ల లోపు ఒకే లోపానికి నాలుగుసార్లు, ప్రాణాపాయమైన లోపానికి రెండుసార్లు మరమ్మతు జరిగినా, మొత్తం 30 రోజులకు మించి కారు వర్క్‌షాపులో ఉన్నా, బాగుచేసేందుకు కంపెనీకి తగినన్ని అవకాశాలు దక్కినట్టే భావిస్తారు. మన దగ్గర అలా సంఖ్యలతో గీసిన గీత లేదు. మారుతి ఉద్యోగ్ కేసులో 2006లో సుప్రీంకోర్టు, వారంటీ షరతు ప్రకారం కంపెనీ బాధ్యత లోపమున్న భాగాన్ని బాగుచేయడమో మార్చడమో మాత్రమేనంది. కొత్త కారే ఇవ్వాలని అడగాలంటే లోపం తయారీలోనే ఉందని నిపుణుల పరీక్షతో చూపాల్సి ఉంటుంది. 2021 ఏప్రిల్ నుంచి రీకాల్ నిబంధనలు అమల్లోకి వచ్చాయి. ఏడేళ్ల లోపు వాహనాల్లో ఒకే భద్రతా లోపం మీద నిర్ణీత సంఖ్యలో ఫిర్యాదులు చేరితే ప్రభుత్వమే రీకాల్‌కు ఆదేశించగలదు. తక్కువగా అమ్ముడయ్యే ఖరీదైన కార్ల విషయంలో ఒక్కో ఫిర్యాదుకూ బరువు ఎక్కువ, కాబట్టి డీలరుతో గొడవపడి ఊరుకోవడం కన్నా అధికారికంగా నమోదు చేయడం మేలు.

కారుకు చెల్లించిన మొత్తం 50 లక్షలు దాటితే ఫిర్యాదు జిల్లా కమిషన్‌కు కాదు, రాష్ట్ర వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలి. 2 కోట్లు దాటితే జాతీయ కమిషన్‌కు. 2019 వినియోగదారుల చట్టం వచ్చాక ఫిర్యాదుదారు నివసించే చోటే కేసు వేయవచ్చు. హైదరాబాద్‌లో కొన్న కారు గురించి కర్నూలువాసి ఆంధ్రప్రదేశ్ కమిషన్‌లోనే అడగవచ్చు. గడువు రెండేళ్లు. ఇలాంటి కార్లు చాలావరకు కంపెనీ పేరిట కొంటారు కనుక, వ్యాపార అవసరానికి కొన్నది వినియోగదారుల చట్టం కిందికి రాదని ఎదుటి పక్షం వాదించడం మామూలే. మెర్సిడెస్ కార్ల కేసులో 2024 జులైలో సుప్రీంకోర్టు ఆ వాదనను ఒప్పుకోలేదు. డైరెక్టరు, ఆయన కుటుంబం సొంతంగా వాడుకునేందుకు కంపెనీ కొన్న కారును కేవలం ఆ కారణంగా వ్యాపార అవసరం కింద లెక్కించలేమంది. కంపెనీ పేరిట ఎలక్ట్రిక్ కారు కొన్నవాళ్లు, దాన్ని ఎవరు దేనికి వాడుతున్నారో చూపే పత్రాలను కూడా జాబ్ కార్డుల ఫైలులోనే ఉంచుకోవాలి.